900 బ్యాండ్‌కి మార్చిన డిష్‌లు, వచ్చిన నోటీసు

ప్రశ్న: మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. కేబుల్ టీవీతో పాటు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తుంటాను, ఇద్దరు కుర్రాళ్ళు సాయం. తిత్లీ తుపానులో నా తీగలన్నీ పోయాయి. ఆ దిగులుతోనే నాన్నగారు పోయారు, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. కొబ్బరి, జీడి తోటలు అడ్డొచ్చి వైర్‌లెస్ లింకు నిలవడం లేదని, అమెరికా నుంచి వచ్చిన 900 మెగాహెర్ట్జ్ రేడియోలు కొని, పాత 2.4 గిగాహెర్ట్జ్ గ్రిడ్ డిష్‌లకు ఫీడ్ (డిష్ ముందుండి సిగ్నల్ పంపే, అందుకునే భాగం) నేనే మార్చి బిగించాను. ఏడాదిన్నర బాగా నడిచింది. గత నెల అధికారులు వచ్చి మా డాబా మీది సెట్ తీసుకెళ్ళి నోటీసు ఇచ్చారు. ఇది పక్క ఆపరేటర్ కుళ్ళుతో చేయించిన పని. అమ్మినతను ఇది ఫ్రీ బ్యాండ్ అన్నాడు. నేను మార్చింది యాంటెన్నాయే కదా, దానికి లైసెన్సు ఎందుకు? అవతలి సెట్ జీడి ఫ్యాక్టరీ మీద ఇంకా ఉంది. దానికి పాత ఫీడ్, 2.4 రేడియో తగిలించేసి మొదటి నుంచీ ఇదే అని చెప్పమంటున్నాడు మా బావ. చేయవచ్చా?

జవాబు: చేయకండి. ఆ రెండో సెట్‌కి కరెంటు మాత్రం తీసేయండి, స్క్రూ కూడా విప్పకండి. మిగతాది తర్వాత చదవండి.

మీ ఉత్తరంలో సగం పక్క ఆపరేటర్ గురించే ఉంది. ఫిర్యాదు ఎవరు చేశారన్నది ఈ కేసులో దేనికీ పనికిరాదు. అసూయతో చేసినా, నిజమైన ఇబ్బందితో చేసినా అధికారులు చూసేది ఒక్కటే. తనిఖీ రోజున మీ రేడియో గాలిలోకి ఏ ఫ్రీక్వెన్సీ వదులుతోంది, ఆ బ్యాండ్‌కి మన దేశంలో లైసెన్సు మినహాయింపు ఉందా లేదా? 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ వరకు అమెరికాలో ఎవరైనా వాడుకోవచ్చు, మీకు అమ్మినతను చెప్పిన ఫ్రీ బ్యాండ్ అదే. ఇక్కడ 915 దాకా సెల్‌ఫోన్లు టవర్‌తో మాట్లాడే దారి, మొబైల్ కంపెనీలకు ఇచ్చిన స్పెక్ట్రమ్. మీ లింకు దాని మీద పడితే చుట్టుపక్కల ఫోన్లలో సిగ్నల్ గీతలు నిండుగానే కనిపిస్తాయి, కాల్ మాత్రం కలవదు, ఎందుకంటే ఫోన్ పంపేది టవర్‌కి వినపడదు. రాత్రిపూట 108కి ఫోన్ చేసే ఇంట్లో అది ఎంత ప్రమాదమో ఆలోచించారా? కంపెనీ ఇంజినీర్లు దాన్ని వెతుక్కుంటూ ఏదో ఒకరోజు మీ డాబా దగ్గరకు వచ్చి తీరతారు, దానికి పక్క ఆపరేటర్ అక్కర్లేదు.

ఇక యాంటెన్నా వాదన. ఆరు సెంటీమీటర్ల ఫీడ్ కడ్డీ తీసేసి పదహారు సెంటీమీటర్ల రాగి కడ్డీ టంకం వేసిన ఫొటోలు పంపారు. పనితనం బాగుంది, కానీ కోర్టులో అదే మీకు ఎదురు తిరుగుతుంది. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టంలో నిర్వచనం చాలా వెడల్పుగా ఉంది. వైర్‌లెస్‌కి వాడే, వాడటానికి వీలయ్యే సామగ్రి అంతా అందులోకి వస్తుంది. పైగా మీ దగ్గర దొరికింది ఉత్త డిష్ కాదు, రేడియో తగిలించి నడుస్తున్న ట్రాన్స్‌మిటర్. లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ ఉంచుకుంటే ఆ చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యే కదా అనుకోవద్దు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం చదవండి. అనుమతి లేని రేడియో పరికరం ఊరికే ఉంచుకుంటే మొదటిసారి 50 వేల దాకా పెనాల్టీ, అదే అనుమతి లేకుండా నెట్‌వర్క్ పెట్టి సర్వీసు ఇచ్చారంటే మూడేళ్ళ దాకా జైలు, లేదా 2 కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ రెండింటికీ మధ్య తేడా ఎంతుందో చూశారుగా? ఆ చట్టం ఒక్కసారిగా కాక విడతలుగా అమల్లోకి వస్తోంది కాబట్టి మీ నోటీసులో ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ తేదీ రాశారన్నదే ముందు చూడాలి. మీరేమో నాలుగు పేజీల ఉత్తరం రాసి ఆ ఒక్క కాగితం కాపీ జతచేయలేదు, అది అందిన తేదీ కూడా రాయలేదు! జవాబు గడువు దాటిపోయి ఉంటే ఇవాళే వెళ్ళి పొడిగింపు కోరుతూ రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి.

బావ సలహా సంగతి. లింకుకి రెండు చివరలు ఉంటాయని అధికారులకు తెలియదా? ఒక చివర 900లో పట్టుకున్నాక రెండో చివర 2.4లో కనిపిస్తే అది ఎప్పుడు మారిందో ఫ్యాక్టరీ వాచ్‌మన్ చెబుతాడు, అక్కడి సీసీ కెమెరా చెబుతుంది, అన్నిటికంటే ముందు మీరు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకున్న ఫీడ్ మార్పిడి వీడియో చెబుతుంది. దాన్ని ఇప్పుడు డిలీట్ చేయకండి. నేరానికి సాక్ష్యం మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత 238 కింద, తప్పుడు సాక్ష్యం సృష్టించడం 228, 229 కింద విడివిడి నేరాలు. వెనక తేదీతో బిల్లు పుట్టించుకోవడం కూడా అంతే. ఇప్పుడున్నది తెలియక చేసిన పని అని చెప్పుకోగల కేసు. సెట్ మార్చిన మరుక్షణం తెలిసి చేసిన కేసు అయిపోతుంది. సెట్ నాది కాదు, మా అద్దెకున్న వాళ్ళదనడం కూడా నిలవదు. మీ అధీనంలో ఉన్న చోట దొరికితే మీ దగ్గర ఉన్నట్టే కోర్టు భావించవచ్చని 1933 చట్టమే చెబుతోంది. ఏడాదిన్నర కిందటిది కదా, గడువు దాటిపోదా అని కూడా ఆశపడొద్దు. మూడేళ్ళ శిక్ష ఉన్న నేరానికి కేసు స్వీకరించే గడువు మూడేళ్ళు, పైగా మీరు మొన్నటిదాకా నడుపుతూనే ఉన్నారు.

మరి చేయాల్సిందేమిటి? పంచనామా కాపీ, కొలతల రిపోర్టు అడగండి. ఫ్రీక్వెన్సీ, బ్యాండ్ వెడల్పు, సమయం, ఎక్కడ నిలబడి కొలిచారు, ఏ పరికరంతో కొలిచారు, అన్నీ అందులో ఉండాలి. మీ కేసులో పోట్లాడగలిగే చోటు ఏదైనా ఉంటే అదే. మీరు ఏ కంపెనీ తరఫున నెట్ ఇస్తున్నారో ఆ ఫ్రాంచైజీ ఒప్పందం వెతకండి. అది ఉంటే లైసెన్సు లేని సర్వీసు అనే పెద్ద ఆరోపణకు జవాబు ఉంటుంది, లేకపోతే ముందస్తు బెయిలు గురించి జిల్లాలో ఎవరైనా క్రిమినల్ లాయరుతో ఈ వారమే మాట్లాడండి. నోటీసు జవాబులో అబద్ధం రాయకండి, అడగనిది కూడా రాయకండి. ప్రసారం ఆపేసిన తేదీ మాత్రం తప్పకుండా రాయండి.

అమ్మినతని మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, కొన్నప్పటి నుంచి రెండేళ్ళ గడువు లెక్కేసుకోండి, ఏడాదిన్నర అయిపోయింది. అతను వేరే రాష్ట్రంలో ఉన్నా శ్రీకాకుళంలోనే వేయొచ్చు. వ్యాపారం కోసం కొన్నావు అని వాదిస్తాడు. సొంత జీవనోపాధికి కొన్నవాడు ఒకరిద్దరు సహాయకులను పెట్టుకున్నా వినియోగదారుడే అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కానీ జీఎస్టీ మిగులుతుందని బిల్లు వద్దన్నారట, ఫోన్ మార్చి చాట్ పోగొట్టుకున్నారట! ఇంత డబ్బు పెట్టేటప్పుడు ఒక కాగితం ఉంచుకోవాలని అనిపించలేదా? యూపీఐ చెల్లింపుకి బ్యాంకు స్టేట్‌మెంట్ తీయండి, పాత ఫోన్ ఎవరికిచ్చారో తెచ్చుకోండి. ఫ్రీ బ్యాండ్ అన్న అతని మెసేజ్ దొరికితే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే సర్టిఫికెట్‌తో దాఖలు చేయాలి, ఉత్త స్క్రీన్‌షాట్ చాలదు. ఒక జాగ్రత్త ఉంది. కమిషన్‌లో మీరు రాసే ప్రతి మాటా క్రిమినల్ కేసులో మీ ఒప్పుకోలుగా వాడతారు. అందుకని రెండూ ఒకే లాయరు చేతిలో ఉండాలి.

కనెక్షన్ల సంగతికొస్తే, మీ తీగలన్నీ తిత్లీ తెంపిన 2018 అక్టోబరులోనే కేంద్రం 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లను ఆరుబయట కూడా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని నోటిఫికేషన్ ఇచ్చింది. చెట్లే అడ్డమైతే స్తంభం ఎత్తు పెంచండి, స్థానిక అనుమతి తీసుకుని. టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌కి మన ప్రభుత్వ ఆమోదం) ఉన్న రేడియోనే కొనండి, పవర్ పరిమితి చూసుకోండి. ఉదాహరణకి 2.4లో 2005 నుంచి ఉన్న హద్దు యాంటెన్నా నుంచి వెలువడే 4 వాట్లు. ఒక వాట్ రేడియోకి 24 డీబీఐ (సిగ్నల్‌ని యాంటెన్నా ఎంత పెంచుతుందో చెప్పే కొలత) డిష్ తగిలిస్తే అది 250 వాట్లు దాటుతుంది, అంటే ఫ్రీ బ్యాండ్‌లో ఉండి కూడా మినహాయింపు పోగొట్టుకుంటారు. ఆ డిష్‌తో రేడియో పవర్‌ని 12 డీబీఎంకి (రేడియో సెట్టింగుల్లో పవర్‌ని చూపే కొలత) తగ్గించాలి. 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా మనకూ మినహాయింపు ఉంది గానీ ఇరుకు, ఇంటర్నెట్‌కి సరిపోదు, దాని కోసం మళ్ళీ ఫీడ్ కోయకండి.

నోటీసు రెండు వైపులా ఫొటో తీసి పంపండి. పోస్టులో వచ్చిందైతే కవరు పారేయకండి, దాని మీది ముద్రే మీ గడువుకి లెక్క.