పరేడ్‌లో సింబల్స్ కొడితే అతుక్కుపోతున్నాయెందుకు?

నల్లగొండ బడి బ్యాండులో పంద్రాగస్టు కోసం కొత్తగా సింబల్స్ (జంటగా కొట్టే పెద్ద లోహపు పళ్లేలు) పట్టిన బాబు కొడితే రెండూ కరుచుకుని "టప్" మంటున్నాయని అడిగారు. భజన తాళాల్లాగా అంచుకు అంచు సరిగ్గా కలిపి కొట్టడమే కారణం. మధ్యలో గాలి చిక్కి, పళ్లేలు ఒకదాన్నొకటి పీల్చుకుంటాయి.

ఒక పళ్లేన్ని ఇంకోదానికంటే ఒక అంగుళం పక్కకు జరిపి, కొంచెం వాల్చి పట్టించండి. కింది అంచు ముందు తాకాలి, వెంటనే పై అంచు. మొదట నెమ్మదిగా, "త-డ" అని రెండు చప్పుళ్లు విడిగా వినబడేలా చేయించండి. వేగం పెంచితే అవే ఒక్క "ఝాం" అవుతాయి. తాకగానే విడదీయాలి. నొక్కి ఉంచితే మోత చచ్చిపోతుంది. ఎడమ చెయ్యి దాదాపు కదలకుండా, కుడిచేత్తోనే కొట్టడం కొత్తవాళ్లకు సులువు.

తోలు పట్టీలో మణికట్టు దాకా చెయ్యి దూర్చి, అరచెయ్యి పళ్లెం వెనకున్న మెత్తకు ఆనేలా తిప్పాలి. వేళ్లతోనే మోస్తే పది నిమిషాల్లో చెయ్యి లాగుతుంది. పట్టీ ముడి రోజూ చూడండి, జారితే పళ్లెం కాళ్ల మీద పడుతుంది. మోత ఆపాలంటే అంచుల్ని ఛాతీకి ఆనించాలి.

పిల్లలకు 16 అంగుళాలవి చాలు. గదిలో సాధన చేస్తే చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ తప్పనిసరి.