బాబుకి ఆటిజం అన్నారు, ఆ లక్షణాలు నాలోనూ కనిపిస్తున్నాయి డాక్టర్ గారూ

ప్రశ్న: మా బాబుకి 5 ఏళ్లు. పోయినేడాది ఆటిజం అని చెప్పారు. థెరపీ సెంటర్లో ఫారం నింపుతుంటే అందులో సగం నా చిన్నప్పటి సంగతుల్లాగే ఉన్నాయి. పెళ్లిళ్లు, పేరంటాలంటే ఇప్పటికీ భయం, మిక్సీ సౌండ్ తట్టుకోలేను. మా అత్తగారు అన్నీ నీ పోలికలే అంటున్నారు. రెండు నెలలుగా నిద్ర లేదు, ఊరికే ఏడుపొస్తోంది. నాక్కూడా ఆటిజమేనా?
- ఒక సోదరి, నల్గొండ

జవాబు: అమ్మా, మీరు రెండు సంగతులు కలిపి రాశారు, ముందు వాటిని విడదీద్దాం. గుంపంటే భయం, సౌండ్ పడకపోవడం మీకు చిన్నప్పట్నుంచీ ఉన్నవే. నిద్ర లేకపోవడం, ఏడుపు మాత్రం రెండు నెలల కింద మొదలయ్యాయి. మొదటిదానికి తొందరేం లేదు గానీ రెండోదానికి ఈ వారమే డాక్టర్‌ని కలవండి.

ఆటిజం ఉన్న పిల్లల అమ్మానాన్నల్లో కొందరికి ఆ లక్షణాలు కొద్దికొద్దిగా ఉండటం మేం చూస్తూనే ఉంటాం, 1943లో లియో కానర్ అనే డాక్టర్ మొదటిసారి 11 మంది పిల్లల గురించి రాసినప్పుడే వాళ్ల తల్లిదండ్రుల తీరు గురించి కూడా రాశారు. తర్వాత కొన్నేళ్లు దాన్ని తప్పుగా అర్థం చేసుకుని తల్లికి ప్రేమ లేకే బిడ్డ ఇలా అయ్యాడని, రిఫ్రిజిరేటర్ మదర్ అని పేరు పెట్టి మరీ ఆడవాళ్లని ఏడిపించారు, ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది. 1977లో కవల పిల్లల మీద చేసిన స్టడీతో ఇందులో జీన్స్, అంటే జన్యువుల పాత్ర బయటపడింది. అదీ ఒక్క జీన్ కాదు, ఎన్నో కలిస్తే జరిగేది, అమ్మ వైపు నుంచీ రావచ్చు, నాన్న వైపు నుంచీ రావచ్చు, ఒక్కోసారి ఇద్దరిలోనూ లేని మార్పు బిడ్డలో కొత్తగా రావచ్చు. మీ అత్తగారికి ఇది చదివి వినిపించండి.

మా ఓపీకి ఒక తండ్రి వచ్చేవారు, పెద్దగా మాట్లాడరు, బాబు బొమ్మ కార్లు మాత్రం సంచిలోంచి ఒక వరసలో తీసి టేబుల్ మీద పెట్టేవారు. వరస తప్పితే వాడికి మంట సార్, నాకూ అంతే, అన్నారు. ఆ బిడ్డ ఎందుకు ఏడుస్తున్నాడో మా అందరికంటే ముందు ఆయనకే తెలిసేది. మీ బాబు మిక్సీకి చెవులు మూసుకుంటే అది మొండితనం కాదని మీక్కూడా ఒకరు చెప్పక్కర్లేదు కదా.

కాకపోతే ఇలాంటి స్వభావం ఉన్నవాళ్లు త్వరగా అలిసిపోతారు. రోజూ ఆటోలో వెళ్లడం, సెంటర్లో పది మంది పిల్లల అరుపులు, అడిగినవాళ్లందరికీ జవాబు చెప్పడం, ఇంటికొచ్చాక మళ్లీ మాటలు, ఇంకెక్కడి ఓపిక? వారంలో రెండు రోజులైనా థెరపీకి వాళ్ల నాన్నని తీసుకెళ్లమనండి. ఆ టైంలో మీరు వంట పని పెట్టుకోకుండా తలుపేసుకుని ఒక గంట నిశ్శబ్దంగా ఉండండి.

నెట్లో 50 ప్రశ్నల ఆటిజం టెస్ట్ ఒకటి దొరుకుతుంది, దాని స్కోర్ చూసి మీకు మీరే పేరు పెట్టుకోవద్దు, అది డయాగ్నసిస్ కాదు. చిన్నప్పటి నుంచీ దీనివల్ల చదువులో, ఉద్యోగంలో, కాపురంలో ఇబ్బంది పడుతుంటే అప్పుడు సైకియాట్రిస్ట్‌తో పూర్తి అసెస్‌మెంట్ చేయించుకోవచ్చు. ఇప్పుడు మాత్రం మీది డిప్రెషన్ అవునా కాదా తేలాలి, రెండు వారాలు దాటి ఇలా ఉంటే మేం దాన్ని తేలిగ్గా తీసుకోం. థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి, వాటివల్ల కూడా ఇంత నీరసం, దిగులు రావచ్చు. డిప్రెషన్ అని తేలితే కౌన్సెలింగ్, అవసరమైతే మందులు, రెండిటికీ బాగా తగ్గుతుంది.

బతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగొద్దు, వెంటనే ఇంట్లోవాళ్లకి చెప్పండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, రాత్రి పూట కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

డాక్టర్ ముందు కూర్చున్నాక మాట రాకపోతే నాకు రాసిన ఈ ఉత్తరమే చూపించండి, అన్నీ అందులో వివరంగా ఉన్నాయి.