జ్వరం ఎంత తగ్గిందో చెప్పే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మలుకు పెద్దమ్మ దీవెనలు.

మొన్న రాత్రి నువ్వు జర్మనీ నుంచి ఫోన్ చేసి, పాపకు 39.5 ఉన్న జ్వరం మందు వేశాక 38కి దిగిందని చెప్పినప్పుడు, మీ అమ్మ "మందు వేసినా ఒకటిన్నర డిగ్రీలేనా తగ్గింది?" అని కంగారుపడి తెల్లవార్లూ కునుకు తీయలేదు. మన ఇళ్లలో ఎండను సెల్సియస్‌లోనూ, ఒంటి వేడిని ఫారెన్‌హీట్‌లోనూ చెప్పుకోవడం అలవాటు కనుక, నూట రెండు జ్వరమంటే ఆమెకు నుదుటి మీద చెయ్యి వేసి చూసినంత స్పష్టంగా తెలుస్తుంది. 39 అంటే తెలియదు.

ఫారెన్‌హీట్ 1724లో తన కొలమానాన్ని ప్రకటించాడు, సెల్సియస్ 1742లో తనది ప్రతిపాదించాడు. ఇప్పటి లెక్కలో నీరు గడ్డకట్టే చోట సెల్సియస్ 0 చూపితే ఫారెన్‌హీట్ 32 చూపుతుంది. మరిగే చోట మొదటిది 100, రెండవది 212. అంటే ఒకే దూరాన్ని ఒకరు 100 భాగాలు చేస్తే మరొకరు 180 చేశారు. కాబట్టి ఒక సెల్సియస్ డిగ్రీ 1.8 ఫారెన్‌హీట్ డిగ్రీలకు సమానం. 32 అన్నది కేవలం మొదలుపెట్టిన చోటులోని తేడా.

నోటిలెక్కకు నేను తరగతిలో చెప్పిన పద్ధతి ఇది: సెల్సియస్ అంకెను రెట్టింపు చేసి, వచ్చినదానిలో పదో వంతు తీసివేసి, 32 కలపాలి. 39కి రెట్టింపు 78, అందులోంచి 7.8 పోతే 70.2, దానికి 32 కలిపితే 102.2. ఇందులో ఉజ్జాయింపు ఏమీ లేదు, సరిగ్గా అంతే వస్తుంది. వెనక్కి రావాలంటే 32 తీసివేసి, మిగిలినదాన్ని 1.8తో భాగించు.

పొరపాటు జరిగేది ఎక్కువగా తేడాలు చెప్పేటప్పుడే. నీటి వేడి 10 సెల్సియస్ డిగ్రీలు పెరిగితే ఫారెన్‌హీట్‌లో ఎంత పెరిగినట్టని అడిగితే, సూత్రం కంఠస్థం చేసిన పిల్లలు 50 అని రాసేవారు. సరైన జవాబు 18. వేడి ఎంత ఉందో మార్చేటప్పుడు 32 కావాలి, ఎంత మారిందో చెప్పేటప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. పాప జ్వరం 103.1 నుంచి 100.4కి వచ్చింది, అంటే 2.7 డిగ్రీలు తగ్గింది. ఈ మాట ఆ రాత్రే చెప్పి ఉంటే మీ అమ్మ నిశ్చింతగా పడుకునేది.

శాస్త్రంలో వాడే మూడో కొలమానం కెల్విన్. దాని డిగ్రీ పరిమాణం సెల్సియస్‌దే, సెల్సియస్ అంకెకు 273.15 కలిపితే చాలు. అయితే "రెండింతల వేడి" అనే మాటకు అర్థం ఉండేది అక్కడే, ఎందుకంటే దాని సున్నా నిజమైన సున్నా, అంతకంటే చల్లదనం ఉండదు. 20 సెల్సియస్ 40 అయితే వేడి రెట్టింపైనట్టు కాదు, కెల్విన్‌లో 293.15 కాస్తా 313.15 అవుతుంది, అంతే.

మన పాత పాదరసం థర్మామీటరులో 98.4 దగ్గర ఎర్ర బాణం ఉండేది, గుర్తుందా? మీ ఇంట్లోని దానికి అలాంటి గుర్తు లేకపోతే 37కి 98.6, 38కి 100.4, 39కి 102.2, 40కి 104 అని ఒక కాగితం మీద రాసి మందుల డబ్బా మూతకు అంటించు. డాక్టరుకు సెల్సియస్‌లో చెప్పు, మీ అమ్మకు ఫారెన్‌హీట్‌లో చెప్పు, ఎవరికి చెప్పినా అంకె పక్కన కొలమానం పేరు కూడా చెప్పు.

పాపకు ముద్దులు.

మీ పెద్దమ్మ