పాపాయి చెవి పరీక్షలో ‘రెఫర్’ అని వస్తే...

ప్రశ్న: మా మనవరాలికి పుట్టిన మర్నాడే చెవిలో చిన్న బిరడాలాంటిది పెట్టి పరీక్ష చేశారు. ఎడమ చెవి ‘పాస్’, కుడి చెవి ‘రెఫర్’ అని కాగితం ఇచ్చారు. పళ్లెం మోగిస్తే పాప ఉలిక్కిపడుతోంది. మళ్లీ పరీక్ష అవసరమా? – ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: తప్పకుండా అవసరమేనండీ. అలాగని ఇప్పుడే కంగారు పడకండి. ‘రెఫర్’ అంటే చెవుడు అని కాదు, ఇంకోసారి చూడాలని మాత్రమే అర్థం.

దాన్ని ఓఏఈ (ఓటోఅకౌస్టిక్ ఎమిషన్స్, అంటే చెవి నుంచి వెలువడే శబ్దాలు) పరీక్ష అంటారు. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలో, బయటి వరసల్లో సుమారు 12,000 రోమ కణాలుంటాయి. శబ్దం చేరగానే ఇవి సాగుతూ, ముడుచుకుంటూ సన్నటి శబ్దాలకు బలమిస్తాయి. ఆ కదలికలో కొంత వెనక్కి మళ్లి, మధ్య చెవి ఎముకల మీదుగా కర్ణభేరిని కదిలించి, చెవి రంధ్రంలోకి అతి చిన్న శబ్దంగా వస్తుంది. పక్కనున్న మనకు అది వినపడదు. ప్రోబు, అంటే మీరన్న ఆ బిరడాలాంటి దానిలోని మైక్రోఫోను పట్టుకుంటుంది. లండన్‌లో డేవిడ్ కెంప్ 1978లో ఈ సంగతి ప్రచురించారు. వినికిడి సుమారు 30-40 డెసిబెల్స్ మించి తగ్గితే సాధారణంగా ఈ శబ్దం రాదు. ఎంత తగ్గిందో మాత్రం ఈ పరీక్ష చెప్పలేదు.

శబ్దం మధ్య చెవి గుండా లోపలికి వెళ్లాలి, జవాబు అదే దారిన తిరిగి రావాలి. కాబట్టి అక్కడ చిన్న అడ్డు ఉన్నా నష్టం రెండుసార్లు. పుట్టిన తొలిరోజు చెవి రంధ్రంలో తెల్లటి జిడ్డు, మధ్య చెవిలో ద్రవం మిగిలి ఉంటాయి. 24 నుంచి 48 గంటలు దాటాక చేస్తే ‘రెఫర్’లు బాగా తగ్గేది అందుకే. ప్రోబు కొన రంధ్రం గోడకు ఆనుకున్నా, బిడ్డ చప్పరిస్తున్నా, గదిలో ఏసీ మోత ఉన్నా ఫలితం చెడుతుంది. చెవి నుంచి వచ్చే శబ్దం పరిసరాల రొద కంటే కనీసం 6 డెసిబెల్స్ పైన ఉంటేనే చాలా యంత్రాలు లెక్కలోకి తీసుకుంటాయి.

పాప కడుపునిండా పాలు తాగి నిద్రపోయినప్పుడు రెండు చెవులకూ మళ్లీ చేయించండి. నలుగు పెట్టి నీళ్లు పోసేటప్పుడు చెవిలో నూనె చుక్కలు వేసే అలవాటుంటే మానేయండి. పరీక్ష కోసమనే కాదు, అసలెప్పుడూ వద్దు.

పళ్లెం మోతను నమ్మకండి. పెద్ద చప్పుడుకు ఎడమ చెవి ఒక్కటి బాగున్నా బిడ్డ ఉలిక్కిపడుతుంది. రెండోసారీ ‘రెఫర్’ వస్తే బెరా పరీక్ష (శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో తల మీద అతికించిన ఎలక్ట్రోడ్లతో చూసేది) చేయించాలి. తొలి పరీక్ష నెలలోపు, నిర్ధారణ 3 నెలల్లోపు, అవసరమైతే వినికిడి యంత్రం, శిక్షణ 6 నెలల్లోపు: ఈ గడువు దాటనివ్వకండి. మేనరికం పెళ్లి అయినా, ఇంట్లో పుట్టుచెవుడు ఉన్నా ఆ సంగతి ఆడియాలజిస్టుకు (వినికిడి పరీక్షల నిపుణుడికి) ముందే చెప్పండి.

ప్రశ్న: బాబుకు పుట్టగానే కామెర్లు ముదిరి రక్తం మార్చారు. ఓఏఈ రెండుసార్లు పాస్. పది నెలలొచ్చినా పిలిస్తే తిరగడు. – ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ఆలస్యం చేయకుండా బెరా చేయించండమ్మా. ఓఏఈ చూసేది రోమ కణాల వరకే. అవి బాగుండి, అక్కడి నుంచి మెదడుకు వెళ్లే నరంలో సంకేతం చెదిరిపోయే జబ్బు ఒకటి ఉంటుంది. తీవ్రమైన కామెర్లు దానికొక కారణం. ఇలాంటి పిల్లలకు మొదటి నుంచే బెరా చేయాలి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో వాక్కు, వినికిడి లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ అడగవచ్చు.

ప్రశ్న: క్షయకు అమికాసిన్ ఇంజెక్షన్లు మొదలుపెడుతున్నారు. చెవి పరీక్ష ఎందుకు? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆ మందు ముందుగా దెబ్బతీసేది హెచ్చు స్థాయి స్వరాలను పట్టే రోమ కణాలనే. ఓఏఈలో ఒక రకం ఇలా ఉంటుంది: 3,280 హెర్ట్జ్ స్వరం 65 డెసిబెల్స్‌తో, 4,000 హెర్ట్జ్ స్వరం 55తో కలిపి ఇస్తే, ఆరోగ్యమైన కాక్లియా 2,560 దగ్గర మూడో స్వరాన్ని తానే పుట్టిస్తుంది. ఇలాగే పై స్వరాలకూ చూస్తారు. మీకు తేడా తెలియకముందే ఈ మూడో స్వరం తగ్గిపోవచ్చు. మొదటి ఇంజెక్షన్‌కు ముందే ఒకసారి, ఏ స్వరం ఎంత సన్నగా వినిపిస్తోందో కొలిచే మామూలు ఆడియోగ్రామ్‌తో పాటు తీయించి కాగితం దాచండి. పోల్చడానికి అది లేకపోతే తర్వాతి ఫలితానికి విలువ తగ్గుతుంది. తగ్గుదల కనిపిస్తే వైద్యుడికి చెప్పండి, ఇంజెక్షన్లు మాత్రం సొంతంగా ఆపకండి.

ప్రశ్న: నాన్నగారి చెవిలో గుయ్ మంటోందట. అది ఈ శబ్దమేనా? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: చాలా అరుదుగా తప్ప కాదు. ఆరోగ్యమైన చెవులు కొన్ని వాటంతటవే సన్నగా పలుకుతుంటాయి గానీ, ఆ మనిషికి సాధారణంగా అది తెలియదు. మోత ఒక్క చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు లయగా వస్తున్నా ఈఎన్‌టీ వైద్యుడికి చూపించండి.