సంక్రాంతి సెలవుల్లో దీవుల విహారం: 8,000 డాలర్ల పడవకు అసలు ఎంత కావాలి?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో టీచరును. మా ఆయన చీనీ (బత్తాయి) తోట చూసుకుంటారు, కాయ ఆగస్టు నుంచి అక్టోబరు లోపు కోస్తాం. ఇద్దరు పిల్లలు, 12, 9 ఏళ్లు. మరిది, తోటికోడలు, మా తమ్ముడు, మరదలితో కలిపి ఎనిమిది మందిమి వచ్చే ఏడాది కాక ఆపై ఏడాది థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ నుంచి పడవ అద్దెకు తీసుకుని దీవులు చుట్టి రావాలనుకుంటున్నాం. నాలుగు గదుల కాటమరాన్‌కు (జంట అడుగుల తెరచాప పడవ) ఆరు రాత్రులకు జనవరిలో అయితే 8,000 డాలర్లు, మే నెలలో అయితే 6,000 అని ఏజెంటు చెప్పాడు. మేలో వెళితే మిగులుతుంది కదా? డబ్బు తగ్గితే బంగారం పెట్టి పంట రుణం తెద్దామని మా ఆయన అంటున్నారు. జూన్ జీతం నుంచి దాయడం మొదలుపెడితే నెలకు ఎంత పక్కన పెట్టాలి?

జవాబు: ముందు మే నెల సంగతి తేల్చేద్దాం అమ్మా. ఆ 2,000 డాలర్ల తగ్గింపు ఊరికే రాలేదు. ఫుకెట్ ఉన్నది అండమాన్ సముద్రం వైపు. నైరుతి రుతుపవనాలు అక్కడ మే నెలలోనే అందుకుంటాయి, అక్టోబరు దాకా వదలవు. ఆ పక్కనున్న సిమిలన్ దీవుల జాతీయ ఉద్యానవనాన్ని ఏటా మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు. సముద్రం బాగాలేకపోతే పడవ నడిపే స్కిప్పర్ బయటికి తీయడు, తీయకూడదు కూడా. అలా రేవులో కట్టేసి ఉంచిన రోజులకు అద్దె వెనక్కి రాదు. మన బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా కాబట్టి చాలా కుటుంబాలు సరిగ్గా ఈ పొరపాటే చేస్తాయి. దసరా సెలవులూ అక్కడి వానల్లోనే పడతాయి.

మీకు కుదిరేది సంక్రాంతి. ఫుకెట్ వైపు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా అద్దెలు ఆకాశంలో ఉంటాయి, మన పండగ సెలవులు ఆ రద్దీ దాటాకే వస్తాయి. కాబట్టి జనవరి 10 తర్వాత మొదలయ్యే తేదీకి ధర అడగండి. వేసవి తప్ప వీలుకాదంటే ఫుకెట్‌ను వదిలేసి అవతలి వైపు, థాయ్ సింధుశాఖలో ఉన్న సముయి, పంగాన్, తావ్ దీవులు చూడండి. అక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు.

ఇక గదుల లెక్క. మూడు జంటలు, ఇద్దరు పిల్లలు అంటే నాలుగు గదులూ నిండిపోయాయి. మరి స్కిప్పర్ ఎక్కడ పడుకుంటాడు? మీలో పడవ నడపగల సర్టిఫికెట్ ఉన్నవారు లేరు కాబట్టి స్కిప్పర్ లేకుండా పడవ ఇవ్వరు. వంటమనిషిని పెట్టుకుంటే మరో పడక. కొన్ని కాటమరాన్‌లకు ముందు కొసన సిబ్బందికి చిన్న పడక గది ఉంటుంది, కొన్నిటికి ఉండదు. ఉండకపోతే హాల్లో భోజనాల బల్లను దించి పడక చేస్తారు, అప్పుడు పొద్దున అందరూ లేచేదాకా అక్కడ కూర్చునే చోటుండదు. పడవ లైసెన్సులో రాత్రి బస చేయగల మనుషుల సంఖ్య రాసి ఉంటుంది. అందులో పిల్లలనూ సిబ్బందినీ లెక్కిస్తారా అని ఏజెంటును రాతపూర్వకంగా అడగండి. మీకు కావలసింది పది మందికి అనుమతి ఉన్న పడవ.

ఇప్పుడు డబ్బు. డాలరును 90 రూపాయలుగా వేసుకుని లెక్క కడుతున్నాను, మీరు కట్టే రోజు రేటుతో మళ్లీ వేసుకోండి. పడవ అద్దె 8,000 డాలర్లంటే 7,20,000. స్కిప్పర్‌కు రోజుకు 180 డాలర్ల చొప్పున ఏడు రోజులకు 1,260, అంటే 1,13,400. వంటమనిషికి రోజుకు 120 చొప్పున 840 డాలర్లు, 75,600. ఆరు రాత్రులైనా సిబ్బందికి ఏడు రోజుల కూలి పడుతుందని గమనించండి. ఇక్కడికే 9,09,000 అయింది. డీజిల్, నీళ్లు, గ్యాస్‌కు 36,000, సిబ్బందితో కలిపి పది మందికి సరుకులు, తిండి 70,000, ఉద్యానవనాల ప్రవేశ రుసుములు, రేవు ఖర్చులు 30,000, పడవ దెబ్బతింటే మీ బాధ్యతను తగ్గించే రుసుము 27,000, దిగేటప్పుడు సిబ్బందికి ఇచ్చే టిప్పు 28,000. పడవ మీద మొత్తం 11,00,000. కొటేషన్లో థాయ్ వ్యాట్ 7 శాతం కలిపారా లేదా అడగడం మరవకండి. కలపకపోతే అద్దె మీదే ఇంకో 50,400 పడుతుంది.

ఒడ్డు ఖర్చు వేరే. బెంగళూరు నుంచి ఎనిమిది విమాన టికెట్లు తలకు 30,000 చొప్పున 2,40,000. పడవ ఎక్కే ముందు రోజు ఒక రాత్రి, దిగాక ఒక రాత్రి హోటల్‌కు 36,000. విమానం ఆలస్యమైతే పడవ ఆగదు కాబట్టి మొదటి రాత్రి హోటల్ ఖర్చును దండగ అనుకోవద్దు. అనంతపురం నుంచి దేవనహళ్లి విమానాశ్రయానికి టెంపో ట్రావెలర్ పోనూ రానూ 30,000, ప్రయాణ బీమా 14,000. అన్నీ కలిపితే 14,20,000. పైన పదో వంతు చేతిలో ఉంచుకోవాలి, అది 1,42,000. మొత్తం 15,62,000. ఏజెంటు చెప్పిన 7,20,000కు రెండింతలు దాటింది. అందులో మోసమేమీ లేదు, అద్దె పడవకు ధర చెప్పే పద్ధతే అంత: ఖాళీ పడవకు ఒక ధర, దాన్ని కదిలించే ప్రతిదానికీ మరో ధర.

డీజిల్ లెక్క గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఆఖరి రోజు గొడవలు ఎక్కువగా దాని దగ్గరే. పేరుకు తెరచాప పడవే అయినా ఫుకెట్ పక్కనున్న పాంగ్ నా ఖాతంలో గాలి పలచగా ఉన్న రోజున ఇంజన్ల మీదే పోవాలి. నలభై అడుగుల కాటమరాన్‌కు రెండు ఇంజన్లు, రెండూ నడిస్తే గంటకు సుమారు ఏడు లీటర్లు. రోజుకు నాలుగు గంటల చొప్పున ఆరు రోజులకు 170 లీటర్లు. రాత్రి లంగరు వేశాక ఏసీ నడవాలంటే జనరేటర్ నడవాలి. అది గంటకు రెండున్నర లీటర్లు తాగినా ఎనిమిది గంటల చొప్పున ఆరు రాత్రులకు మరో 120. జనవరిలో రాత్రిళ్లు కిటికీలు తెరుచుకుంటే చాలాసార్లు ఏసీ అక్కర్లేదు. కొన్ని కంపెనీలు జనరేటర్ గంటలకు విడిగా అద్దె కూడా వేస్తాయి, ముందే అడగండి. నీళ్లదీ ఇదే కథ. ట్యాంకులు సాధారణంగా 600, 700 లీటర్లు. పది మంది మనిషికి 40 లీటర్లు వాడితే రెండో రోజుకే అడుగంటుతాయి. సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రం పడవలో ఉందా, లేకపోతే ఎన్ని రోజులకోసారి రేవుకు వచ్చి నింపుకోవాలి అన్నది కనుక్కోండి. ట్యాంకరు కోసం ఎదురుచూసిన ఊళ్లవాళ్లం, పిల్లలకు కూడా ఇది చెప్పి పెట్టడం తేలిక.

ఇక మూడు కుటుంబాలూ పంచుకోవడం. సమానంగా మూడు భాగాలంటే తర్వాత మనసులు కష్టపడతాయి. పడవ మీది 11 లక్షలను గదుల లెక్కన పంచండి, గదికి 2,75,000. టికెట్లు, ఒడ్డు ఖర్చు తలల లెక్కన, తలకు 40,000. మీది రెండు గదులు, నాలుగు తలలు కాబట్టి 7,10,000, పదో వంతు కలిపి 7,81,000. మరిది వాళ్లకూ తమ్ముడి వాళ్లకూ చెరి 3,90,500. ఈ కాగితం ఇప్పుడే ముగ్గురి ఇళ్లకూ పంపండి. అడ్వాన్సు కట్టాక ఒక జంట తప్పుకుంటే వాళ్ల గది అద్దె ఎవరు భరించాలో కూడా అందులోనే రాసుకోండి.

మీ 7,81,000 కూడే దారి ఇదీ. చాలా కంపెనీలు బుకింగ్ రోజున సగం అద్దె, ప్రయాణానికి 60 రోజుల ముందు మిగతా సగం అడుగుతాయి. జనవరి 10కి వెనక్కి లెక్కపెడితే రెండో వాయిదా నవంబరు రెండో వారం. మంచి పడవ దొరకాలంటే మార్చిలో బుక్ చేయాలి. అద్దెలో సగం మీ వాటా, అది 3,60,000, అంటే మార్చిలో 1,80,000, నవంబరులో 1,80,000. ఈ జూన్ నుంచి మీ జీతంలో నెలకు 18,000 రికరింగ్ డిపాజిట్ వేస్తే మార్చికి పది వాయిదాలు, 1,80,000. అలాగే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా కొనసాగిస్తే 1,26,000, నాలుగు టికెట్లు వస్తాయి. మిగిలింది 4,75,000, అది తోట ఇవ్వాలి. ఈ ఏడాది కాయ అమ్మిన డబ్బులో 2,40,000 పక్కన పెట్టి, వచ్చే ఏడాది అక్టోబరు ఆఖరుకు చేతికొచ్చేలా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. నవంబరు వాయిదాకు సరిపోయి ఇంకా మిగులుతుంది. తర్వాతి ఏడాది కాయ నుంచి 2,35,000. అంటే పడవ అద్దె అంతా చేతికి వచ్చేసిన డబ్బుతోనే తీరిపోతుంది. ఇంకా చెట్టు మీదున్న కాయ భారం తిండికీ సిబ్బందికీ చేతి ఖర్చుకూ మాత్రమే. చీనీ ధర ఏ వారానికి ఎలా మారుతుందో మీకు నేను చెప్పాల్సిన పనిలేదు, అందుకే ఈ వరస.

ఈ ఏడాది ఆ 2,40,000 పక్కన పెట్టలేకపోతే మార్చిలో సంతకం చేయకండి. ఇంకో ఏడాది ఆగండి, లేదా మూడు రాత్రులు పడవలో, మూడు రాత్రులు క్రాబిలో ఒడ్డు మీద ఉండేలా తగ్గించుకోండి. చిన్న యాత్రలోనూ దీవులు అవే.

బంగారం మీద పంట రుణం మాత్రం వద్దు. దానికి వడ్డీ తక్కువ ఎందుకంటే అది సాగు పెట్టుబడి కోసం ఇచ్చేది. దాన్ని విహారానికి వాడేస్తే ఎరువులకూ కూలీలకూ బయట వడ్డీకి తేవాల్సి వస్తుంది. అలాగే బోరు డబ్బు అని ఒకటి ఉండి తీరాలి. ఎండాకాలంలో బోరు ఎండి కొత్తది వేయాల్సి వస్తే డ్రిల్లింగు, కేసింగ్, మోటరు ఒకేసారి మీద పడతాయి. ఆ సొమ్మును ఈ లెక్కలో కలపలేదు, మీరూ కలపకండి.

డబ్బు పంపేటప్పుడు చూసుకోవాల్సినవి. విదేశీ కంపెనీకి బ్యాంకు ద్వారా పంపితే అది మనవాళ్లు విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద వస్తుంది. ఫారం ఏ2, పాన్ కావాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో పంపే మొత్తం 10 లక్షలు దాటితేనే ఆ పైమొత్తం మీద ఇలాంటి ఖర్చుకు 20 శాతం టీసీఎస్ (డబ్బు కట్టేటప్పుడే ముందుగా వసూలు చేసే పన్ను) పడింది. ముగ్గురూ ఎవరి ఖాతా నుంచి వాళ్ల వాటా పంపితే, అదీ మార్చిలో సగం, నవంబరులో సగం అయితే, ఆ గీత దగ్గరికి కూడా వెళ్లరు. అదే ఏజెంటు విమానం, హోటల్, పడవ కలిపి విదేశీ టూర్ ప్యాకేజీగా బిల్లు వేస్తే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ ఉంటుంది, 2025-26లో అది 10 లక్షల దాకా 5 శాతం. కట్టే రోజు రేటు ఎంతో బిల్లు వేయించే ముందు అడగండి. టీసీఎస్ పోయే డబ్బు కాదు, మీ పాన్ మీద జమ కనిపిస్తుంది, రిటర్నులో తీసుకోవచ్చు. ఆ వివరం జీతమిచ్చే ఆఫీసులో ఇచ్చి మీ జీతంలో కోసే పన్నులోనూ సర్దించుకోవచ్చు. డాలరు ఒక రూపాయి పెరిగితే అద్దె, సిబ్బంది కలిపిన 10,100 డాలర్ల మీద మీ బృందానికి 10,100 రూపాయలు పెరుగుతుంది, పదో వంతు పక్కన పెట్టమన్నది దీనికి కూడా.

పడవ ఎక్కే రోజు సెక్యూరిటీ డిపాజిట్ కింద రెండు మూడు వేల డాలర్లు క్రెడిట్ కార్డు మీద బ్లాక్ చేస్తారు. డెబిట్, ఫారెక్స్ కార్డులను చాలాచోట్ల ఒప్పుకోరు. మూడు లక్షల పరిమితి ఉన్న కార్డు ఒకటి ఖాళీగా ఉండాలి. స్కిప్పర్ తప్పుతో పడవ గీసుకుంటే ఆ డిపాజిట్ ఎవరిది పోతుందన్నది ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. దుకాణాల్లో కార్డు మిషన్ రూపాయల్లో తీసుకోమంటావా అని అడిగితే థాయ్ డబ్బు బాత్‌లలోనే అని చెప్పండి, రూపాయల్లో అయితే రేటు చెడ్డగా ఉంటుంది. ఏటీఎంలో ప్రతిసారీ 200 బాత్‌లకు పైగా రుసుము పడుతుంది కాబట్టి ఒకేసారి తీయండి.

ఒప్పందంలో పడవ పేరు, పొడవు, తయారైన ఏడు, గదులు ఉండాలి. ఇంజన్ చెడిపోతే ఎన్ని గంటల తర్వాత అద్దె వెనక్కి ఇస్తారో ఉండాలి. డబ్బు అడిగిన ఖాతా కంపెనీ పేరు మీద కాక ఎవరో మనిషి పేరు మీద ఉంటే అక్కడితో ఆపేయండి.

మీరు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి విదేశ ప్రయాణానికి శాఖ అనుమతికి టికెట్లు కొనక ముందే అర్జీ పెట్టండి. పిల్లల పాస్‌పోర్టులు అయిదేళ్లకే ముగుస్తాయి, ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. థాయ్‌లాండ్ 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి చేసింది, ఆన్‌లైన్లో ఉచితంగానే నింపవచ్చు. బీమా పాలసీలో పడవ ప్రయాణం, స్నార్కెలింగ్ మినహాయింపుల్లో ఉన్నాయేమో చదవండి.

మొదటి రెండు రోజులు అలలు తక్కువుండే పాంగ్ నా ఖాతంలో తిప్పమనండి, కడుపులో తిప్పుడు అలవాటవుతుంది, తర్వాత పీపీ దీవులు. అక్కడి మాయా తీరంలోకి పడవల్ని రానివ్వరు, వెనక వైపు నుంచి నడిచి వెళ్లాలి. మీ పిల్లలకు ఈత రాకపోతే ఈ ఏడాదిన్నరలో నేర్పించండి. వాళ్ల బరువులు రాసి, సరిపోయే లైఫ్ జాకెట్లు రెండు పడవలో ఉంచమని బుకింగ్ రోజే మెయిల్ పెట్టండి. పెద్దవాళ్ల జాకెట్లో తొమ్మిదేళ్ల పిల్ల కిందికి జారిపోతుంది.