బ్లాకులు లేవు, ధమని దారే వేరు

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య కవాటం) బాగా లీకవుతోంది, రిపేరు చేయాలన్నారు. యాంజియోలో బ్లాకులు లేవు గానీ, సర్కంఫ్లెక్స్ ధమని కుడివైపున పుట్టి బృహద్ధమని వెనకగా వస్తోందని రాశారు. రిపేరు చేయించవచ్చా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చేయించవచ్చు. సర్కంఫ్లెక్స్ అంటే గుండె ఎడమ పక్క గోడకు రక్తమిచ్చే ధమని, మామూలుగా ఎడమవైపు పుడుతుంది. ఇలా దారి మారిన వాటిలో, బృహద్ధమనికీ పుపుస (ఊపిరితిత్తుల) ధమనికీ మధ్యగా వెళ్లే ధమనులకైతే నలిగిపోయే భయం ఉంటుంది. అమ్మగారిది వెనకగా వెళ్లే రకం, మామూలుగా ఇబ్బంది పెట్టదు. చిక్కంతా కుట్ల దగ్గరే.

సర్కంఫ్లెక్స్ ఎవరికైనా మైట్రల్ వాల్వ్ వెనక అంచు పక్కనే సాగుతుంది. అమ్మగారికి అక్కడికి చేరేముందు బృహద్ధమనికీ ఎడమ కర్ణికకూ మధ్య నుంచి, వాల్వ్ ముందు అంచుకు కూడా దగ్గరగా వస్తుంది. రిపేరులో సాగిపోయిన అంచును బిగించడానికి రింగు పెట్టి, డజను దాకా కుట్లు వేస్తారు. సూది లోతుగా దిగితే కుట్టు ధమనికే పడవచ్చు. ధమనికి తగలకపోయినా, ముడి బిగించగానే పక్క కణజాలం ముడుచుకుని ధమని మెలిపడవచ్చు. ఒక్క బ్లాకూ లేని ధమని అలా టేబుల్ మీదే మూసుకుపోతుంది.

అందుకే ముందుగా సీటీ కరోనరీ యాంజియో అడగండి. ధమని వాల్వ్ అంచుకు ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో అందులో కొలవవచ్చు. మామూలు యాంజియోలో ఆ కొలత తెలియదు. కిడ్నీల మీద భారం పడే డై ఎక్కిస్తారు కాబట్టి, వాటి పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. పాత యాంజియో రిపోర్టుతో పాటు సీడీ కూడా సర్జన్‌కు ఇవ్వండి. ఎకోలో ఈ ధమని వాల్వ్ దగ్గర తెల్లటి గీతలా కనిపిస్తుంది, కాల్షియం అని పొరబడటమూ ఉంది.

పూర్తి రింగు పెడతారా, వెనక అంచుకు మాత్రమే బ్యాండు వేస్తారా అని అడగండి. బ్యాండైతే ముందు అంచుకు కుట్లు పడవు. వెనక అంచుకు మాత్రం ఎలాగూ పైపైన, జాగ్రత్తగా వేయాల్సిందే.

హార్ట్-లంగ్ మెషిన్ నుంచి తప్పించే వేళ ఈసీజీలో ఎస్‌టీ అనే భాగం పైకి లేచినా, అన్నవాహికలోకి గొట్టం పంపి తీసే ఎకోలో గుండె పక్క గోడ కదలకపోయినా ముందు ఈ ధమనినే అనుమానించాలి. వెంటనే ఆ కుట్టు విప్పడమో, కాలి సిరతో బైపాస్ వేయడమో, సన్నటి తీగ ఆ మూసుకున్న చోటును దాటితే స్టెంట్ పెట్టడమో చేస్తారు. ఆలస్యమైతే ఆ మేర కండరం చచ్చిపోతుంది. కాబట్టి కాలిని కూడా ముందే శుభ్రం చేసి సిద్ధంగా ఉంచే బృందాన్ని, క్యాథ్‌ల్యాబ్ (యాంజియో, స్టెంట్ చేసే గది) అదే భవనంలో ఉన్న ఆసుపత్రిని ఎంచుకోండి.