ఎర్రమట్టి తినేసిన ఇంజిన్

ప్రశ్న: సార్, మాది పాడేరు దగ్గర పల్లె. కాఫీ తోటల దారులకు పనికొస్తుందని 200 సీసీ డర్ట్ రకం బండి కొన్నాను. రెండేళ్లు కూడా కాలేదు, నీలం పొగ వస్తోంది, ఘాట్ ఎక్కడానికి ఆయాసపడుతోంది. మెకానిక్ 'బోర్‌కి వచ్చింది' అన్నాడు, అంటే సిలిండర్ లోపల అరిగిపోయిందట. ఇంజిన్ ఆయిల్ టైముకి మారుస్తూనే ఉన్నాను. ముందు ఫోర్క్ (ముందు చక్రం షాక్ గొట్టాలు) నుంచి కూడా ఆయిల్ కారుతోంది. ఈ బండ్లు గట్టివంటారు కదా, ఇలా ఎందుకైంది?

జవాబు: ఆయిల్ సంగతి రాశారు గానీ ఎయిర్ ఫిల్టర్ గురించి ఒక్క ముక్క రాయలేదు, నా అనుమానమంతా దానిమీదే. ఈ బండ్లలో గట్టిగా ఉండేవి ఫ్రేమ్, చక్రాలు, సస్పెన్షన్. ఇంజిన్ లోపల మాత్రం పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య సందు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులే. మీ ఎర్రమట్టి దుమ్ము అందులోకి వెళ్లి ఆయిల్‌తో కలిసిందంటే ఇక ఉప్పు కాగితంతో రుద్దినట్టే, రింగులు అరిగిపోతాయి, గోడ మీద గీతలు పడతాయి, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) పడిపోతుంది. సర్వీస్ బుక్‌లో ఫిల్టర్‌కి రాసిన కిలోమీటర్లు మామూలు రోడ్డుకి. జీపు వెనకాలే దుమ్ములో వెళ్లే బండికి ఆ లెక్క సరిపోదు.

ఇంజిన్ విప్పించే ముందు కంప్రెషన్ కొలిపించండి. వాల్వుల దగ్గర ఆయిల్ లోపలికి కారకుండా ఆపే సీల్స్ పోయినా నీలం పొగ వస్తుంది, కానీ అప్పుడు బలం ఇంతగా తగ్గదు. తర్వాత ఫిల్టర్ తీసి, దాని నుంచి ఇంజిన్‌కి వెళ్లే గొట్టం లోపల వేలితో తుడిచి చూడండి. గరగర తగిలితే దుమ్ము లోపలికి వెళ్తున్నట్టే. ఫిల్టర్ అంచు సరిగా కూర్చోకపోయినా ఇదే జరుగుతుంది, ఆ దారి మూయకుండా కొత్త పిస్టన్ వేయిస్తే అదీ అరిగిపోతుంది, దయచేసి ఆ పొరపాటు చేయకండి. కాగితం ఫిల్టర్‌ని గాలి కొట్టి మళ్లీ పెట్టకండి, మార్చేయండి. ఫోమ్ ఫిల్టర్ అయితే సబ్బునీళ్లలో కడిగి, మెలి తిప్పకుండా నొక్కి పిండి, బాగా ఆరాక ఫిల్టర్ ఆయిల్ పట్టించాలి. పెట్రోల్‌తో కడిగితే అతుకులు ఊడతాయి.

ఫోర్క్ విషయం తేలికే. గొట్టం మీద ఎండిన బురద పైకీ కిందికీ ఆడుతూ సీల్‌లో ఇరుక్కుని ఉండొచ్చు. బయట ఉండే డస్ట్ సీల్‌ని దాని చోటు నుంచి జరిపి, పల్చటి ప్లాస్టిక్ ముక్కని ఆయిల్ సీల్ సందులో తిప్పి మట్టి లాగేస్తే చాలాసార్లు కారడం ఆగుతుంది. ఆగకపోతే సీల్స్ మార్చాల్సిందే, వాయిదా వేయకండి, ఆ ఆయిల్ బ్రేక్ ప్యాడ్ల మీద పడితే ఘాట్ దిగేటప్పుడు ప్రాణం మీదికి వస్తుంది.

మీ వైపు గెడ్డలు (వాగులు) దాటక తప్పదు కాబట్టి ఇంకొక్కటి. నీళ్లలో బండి ఆగిపోతే సెల్ఫ్ నొక్కకండి. స్పార్క్ ప్లగ్ విప్పాక ఇంజిన్ తిప్పి నీళ్లు బయటికి పంపండి. ఆయిల్ పాల రంగులోకి మారితే మార్చకుండా నడపొద్దు.

ప్రశ్న: అన్నా, హైదరాబాద్‌లో ట్రాక్ మీద నేర్చుకుంటున్నాను. ఒక సెకండ్ హ్యాండ్ 250 సీసీ మోటోక్రాస్ (మట్టి ట్రాక్ పోటీల) బండి అమ్మకానికి ఉంది, చూడటానికి కొత్తగా ఉంది. కాలేజీకి కూడా వాడుకోవచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ. పోటీ బండికి లైట్లుండవు, రిజిస్ట్రేషన్ కాదు, రోడ్డు మీదికి తీసుకురాకూడదు. దాని వయసు కిలోమీటర్లలో కాదు, గంటల్లో లెక్క. హోండా సీఆర్‌ఎఫ్ 250ఆర్ మాన్యువల్స్‌లో పిస్టన్ మార్చమనేది ఆరు పోటీలకో, సుమారు 15 గంటలకో. సరదాగా తిప్పేవాళ్లు ఇంకా ఎక్కువే లాగుతారు, అయినా గంటల మీటర్ లేని బండికి ప్లాస్టిక్ మెరుపు చూసి డబ్బులివ్వకు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లు, నువ్వే స్టార్ట్ చెయ్. మొరాయిస్తే వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్ దగ్గర ఉండాల్సిన సన్నటి సందు) తగ్గిపోయి ఉండొచ్చు, ఆ ఖర్చు పెద్దది.

ప్రశ్న: ప్రతి ఆదివారం వాటర్ సర్వీసింగ్ చేయిస్తాను, చైన్ టైట్‌గా పెట్టిస్తాను. అయినా వెనక చక్రం ఊగుతోంది.

జవాబు: బేరింగుల మీదికి ఆ నీళ్ల ప్రెషర్ కొట్టించకండి, గ్రీజు పోయి తుప్పు పడుతుంది. ఊగుతోందంటే బేరింగులు మార్చాల్సి రావచ్చు, స్పోకులు కూడా ఒక్కొక్కటీ తట్టి చూడండి, మొద్దు చప్పుడు వచ్చినది వదులైనట్టు. చైన్ బిగుతు కూడా తప్పే. సస్పెన్షన్ కిందికి దిగినప్పుడు చైన్ ఇంకా బిగుసుకుంటుంది, ఆ లాగుడుకి ముందు స్ప్రాకెట్ షాఫ్ట్ బేరింగ్ పోతుంది. మాన్యువల్‌లో చెప్పినంత వదులు ఉంచి, మీరు సీటు మీద కూర్చున్నప్పుడు కూడా కాస్త వదులు మిగిలిందో లేదో ఇంకొకరితో చూపించుకోండి.